ప్రత్యర్థి తప్పు వల్లే గెలిచానా? ఒక ఆన్‌లైన్ రాపిడ్ గెలుపును ఎలా చదువుకోవాలి

ముందుగా మనస్ఫూర్తిగా అభినందనలు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు ఫోన్‌లో ఆడుకుంటూ టోర్నీ గెలవడం చిన్న విషయం కాదు.

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, చదివేవాళ్ల కోసం దాన్ని క్లుప్తంగా చెబుతాను. మీరు 1700 లోపు రేటింగ్ వాళ్ల ఆన్‌లైన్ రాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆటల) టోర్నీ ఆడారు. ఒక్కొక్కరికి 10 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల ఇంక్రిమెంట్ (వేసిన ప్రతి ఎత్తుకూ క్లాక్‌లో కలిసే అదనపు సమయం), స్విస్ పద్ధతిలో 7 రౌండ్లు. రెండో రౌండ్‌లో ఓడిపోయి, మిగతావన్నీ గెలిచి 6 పాయింట్లతో, పాయింట్లు సమమైనప్పుడు చూసే టైబ్రేక్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నారు. ఆ సంతోషంలో చివరి ఆటను కంప్యూటర్ రివ్యూలో పెడితే మీ యాక్యురసీ 74 శాతమే వచ్చింది. డ్రా కావలసిన ఎండ్‌గేమ్‌లో (కొద్ది పావులే మిగిలిన చివరి దశలో) ప్రత్యర్థి చేసిన ఒక బ్లండర్, అంటే పెద్ద తప్పు, వల్లే గెలిచినట్టు చూపించింది. స్నేహితులేమో "ఆన్‌లైన్ గెలుపు ఓ గెలుపా" అన్నారు. ఇప్పుడు మీ సందేహాలు: ఇది అదృష్టమేనా, ఇకమీదట ఏం నేర్చుకోవాలి, బోర్డు మీద ఆడే రేటింగ్ టోర్నీకి వెళ్లొచ్చా?

నేను చాలా ఏళ్లుగా పిల్లలకు, పెద్దలకు చెస్ నేర్పుతున్నాను, టోర్నీల్లో ఆర్బిటర్‌గానూ (నిర్ణేతగానూ) పనిచేస్తుంటాను. మీరు పెట్టిన చివరి ఆటను బోర్డు మీద పేర్చుకుని, కంప్యూటర్ లేకుండా చూశాను. అది అదృష్టం కాదు. ఎందుకు కాదో ఆ ఎండ్‌గేమ్‌లోనే ఉంది, అందుకే మొదట అక్కడికే వస్తాను.

ప్రత్యర్థి మీకు చెక్ ఇచ్చిన చోటు నుంచి చూద్దాం. తెల్లపావులు మీవి. (గడి పేరులో అక్షరం నిలువు వరసను, అంకె అడ్డ వరసను చెబుతుంది.) మీ రాజు ఇ3లో, బిషప్ ఇ5లో, మిగిలిన ఒకే ఒక్క బంటు ఇంకా పుట్టిన గడి ఇ2లోనే ఉంది. నల్లరాజు ఇ7లో, నల్లబిషప్ ఎ5లో. రెండు బిషప్‌లూ నల్లగడుల మీద తిరిగేవే. ఆయన బిషప్‌ను బి6కి తెచ్చి చెక్ ఇచ్చాడు. మీ క్లాక్‌లో 52 సెకన్లు, ఆయన క్లాక్‌లో 11 సెకన్లు.

ఈ స్థితి కచ్చితంగా డ్రా. కారణం తేలిక. నల్లరాజు బంటుకు ఎదురుగా ఉన్నాడు. అతను ఇ6కి వచ్చి కూర్చుంటే, అది తెల్లగడి. మీ బిషప్ నల్లగడుల మీద తప్ప కదలదు కాబట్టి ఆ రాజును అక్కడి నుంచి తరమడం బిషప్ వల్ల కాదు. పైగా అవసరమైతే ఆయన తన బిషప్‌ను మీ బంటుకు బలి ఇచ్చేసినా చాలు, ఒంటరి బిషప్‌తో మీరు మేట్ చేయలేరు. ఇదంతా నిజమే, ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) 0.0, అంటే సమానం, అని చూపించడంలో తప్పేమీ లేదు.

కానీ ఆ చెక్‌కు మీరు రాజును పక్కకు జరపలేదు. బిషప్‌ను డి4లో అడ్డం పెట్టారు. అంటే "బిషప్‌లు మార్చుకుందామా?" అని అడిగారు. ఆయన 6 సెకన్లు ఆలోచించి మార్చేసుకున్నాడు. బిషప్ డి4లో కొట్టింది, మీ రాజు డి4లో తిరిగి కొట్టాడు. రివ్యూలో ఆయన ఎత్తు పక్కన ఎర్రటి బ్లండర్ గుర్తు పడింది. మీ బిషప్ డి4 పక్కన ఏ మెచ్చుకోలూ లేదు, ఎందుకంటే ఇంజన్ దృష్టిలో అంతకుముందూ 0.0, ఆ తర్వాతా 0.0. మీరు దాన్ని చూసి "ఆయన తప్పు చేశాడు, నేను చేసిందేమీ లేదు" అనుకున్నారు.

ఆయన వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. బిషప్‌లు ఉన్నంతసేపూ ప్రతి ఎత్తుకీ బిషప్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెడితే పోతుంది అని చూసుకోవాలి. చేతిలో ఎత్తుకు 5 సెకన్లు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి మీరు దాన్నుంచి బయటపడే దారి చూపించారు. మార్చుకుంటే మిగిలేది రెండు రాజులు, ఒక బంటు. ఆయన మనసులో లెక్క కూడా సులువుగానే కుదిరింది: "తెల్లరాజు డి4కి వస్తాడు, నేను డి6కి వెళ్లి ఎదురు నిలబడతాను, ఆపోజిషన్ నాది, డ్రా." రాజులు మధ్యలో ఒక్క గడి ఎడంతో ఎదురెదురుగా నిలిచి, ఎత్తు అవతలివాళ్లది అయితే ఆపోజిషన్ మనది అంటారు. చాలామంది ఇదే లెక్క వేస్తారు. మీ బంటు ఇ3లో ఉండి ఉంటే ఆ లెక్క నూటికి నూరు పాళ్లు సరిపోయేది కూడా. తెల్లరాజు డి4, బంటు ఇ3, నల్లరాజు డి6, ఎత్తు తెల్లవాళ్లది అయితే మీరు ఎటు వెళ్లినా ఆయన ఎదురొచ్చి నిలబడతాడు, ఆట డ్రా.

బంటు ఇ2లో ఉంది. తేడా అంతా అదే. నల్లరాజు డి6కి వచ్చి ఆపోజిషన్ తీసుకున్నాక మీరు బంటును ఒక్క గడి, ఇ3కి తోశారు. ఇప్పుడు రాజులు అలాగే ఎదురెదురుగా ఉన్నారు, కానీ ఎత్తు వేయాల్సింది ఆయన. ఎటు జరిగినా మీ రాజుకు దారి వదలాల్సిందే. చెస్‌లో దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. ఇలా దాచుకున్న ఎత్తును మేం పిల్లలకు "జేబులో ఎత్తు" అని చెబుతాం.

దీని వెనక ఉన్న నియమం ఒకసారి రాసి పెట్టుకోండి, జీవితాంతం పనికొస్తుంది. బంటు 2, 3, 4 వరసల్లో ఉన్నప్పుడు, దానికి రెండు వరసల ముందున్న మూడు గడులు కీలక గడులు. బంటు ఇ2లో ఉంటే డి4, ఇ4, ఎఫ్4. ఇ3లో ఉంటే డి5, ఇ5, ఎఫ్5. ఇ4లో ఉంటే డి6, ఇ6, ఎఫ్6. ఆ మూడింటిలో ఏదో ఒకదాన్ని మీ రాజు ఆక్రమిస్తే, ఎత్తు ఎవరిదైనా సరే, గెలుపు మీదే. మీరు డి4లో బిషప్‌ను కొట్టిన క్షణంలోనే మీ రాజు కీలక గడిలోకి అడుగుపెట్టాడు. అంటే ఆయన మార్పిడికి ఒప్పుకున్నప్పుడే ఆట ముగిసింది. ఈ నియమం ఎ, హెచ్ ఫైళ్ల (నిలువు వరసల) బంట్లకు వర్తించదు, అది గుర్తుంచుకోండి. అంచు బంట్ల లెక్క వేరు.

ఇప్పుడు అసలు విషయం. అక్కడ బంటును రెండు గడులు, ఇ4కి తోసి ఉంటే ఏమయ్యేది? డ్రా. కీలక గడులు డి6, ఇ6, ఎఫ్6కి జరిగిపోతాయి, నల్లరాజు ఇ6కి వచ్చి నిలబడతాడు. మీరు ఇ5 తోస్తే ఆయన ఇ7కి వెనక్కి తగ్గుతాడు. మీ రాజు డి5కి వస్తే ఆయన డి7కి వచ్చి మళ్లీ ఎదురు నిలబడతాడు, ముందుకు దారి లేదు. క్లాక్‌లో సెకన్లు కరిగిపోతున్నప్పుడు మెజారిటీ ఆటగాళ్ల చెయ్యి బంటును రెండు గడులు తోయడానికే పోతుంది, "త్వరగా క్వీన్ చేసేద్దాం" అనే తొందర అలాంటిది. మీరు ఒక్క గడే తోశారు.

ఆ తర్వాత కూడా ఒక గుంట ఉంది, దాన్నీ దాటారు. మీ ఆటలోని ఎత్తులే తిరిగి చెబుతాను. నల్లరాజు ఇ6, మీ రాజు ఇ4. నల్లరాజు డి6, మీ రాజు ఎఫ్5. నల్లరాజు ఇ7, మీ రాజు ఇ5. నల్లరాజు డి7, మీ రాజు ఎఫ్6. నల్లరాజు డి6, ఇప్పుడు మీ బంటు ఇ4. నల్లరాజు డి7, బంటు ఇ5. నల్లరాజు ఇ8. ఇక్కడ మీ క్లాక్‌లో 31 సెకన్లు ఉన్నాయి. ఈ స్థితిలో బంటును ఇ6కి తోస్తే నల్లరాజు ఎఫ్8కి వెళ్తాడు. మీరు ఇ7 చెక్ ఇస్తారు, ఆయన ఇ8కి వస్తాడు, బంటును కాపాడుకోవడానికి మీ రాజు ఇ6కి వస్తే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకపోయినా ఆయనకు వేయడానికి ఎత్తే లేక డ్రా. మీరు బంటును తోయకుండా రాజునే ఇ6లోకి తెచ్చారు. రాజు ఆరో వరసలో బంటుకు ముందు నిలబడితే ఇక ఆపోజిషన్ లెక్కలు కూడా అక్కర్లేదు. ఆయన డి8కి వెళ్తే మీరు ఎఫ్7, ఆయన ఎఫ్8కి వెళ్తే మీరు డి7. ఆయన అక్కడే రిజైన్ చేశాడు.

చివరి ఆటలో మీ గెలుపు ఇది. బిషప్‌ను అడ్డం పెట్టడం, బంటును ఒక్క గడే తోయడం, రాజును ముందు నడిపించడం, ఈ మూడు నిర్ణయాలూ మీవి. అంతకుముందు చాలాసేపు బంటును ఇ2లోంచి కదపకుండా ఉంచడం నాలుగోది. అది తెలిసి చేశారో, అలవాటుగా జరిగిందో గుర్తు లేదని మీరే రాశారు. ఏదైనా పరవాలేదు. ఇప్పుడు తెలిసింది కదా, ఇక మీదట తెలిసే చేస్తారు.

ప్రత్యర్థి తప్పు చేయకుండా ఎవరూ గెలవరు. చెస్‌లో ఆ మాటకొస్తే ప్రపంచ స్థాయిలో కూడా గెలుపు అంటే అవతలివాడు ఎక్కడో తప్పడమే. తప్పడానికి వీలున్న ప్రశ్న ఎవరు వేశారు, ఎలాంటి సమయంలో వేశారు అన్నదే ఆటగాడి పనితనం. ఇంజన్ స్థితి గురించి నిజం చెబుతుంది. ఆ స్థితిని 11 సెకన్లలో ఒక మనిషి కాపాడుకోవడం ఎంత కష్టమో చెప్పదు.

యాక్యురసీ అంకె గురించి మీకున్న బెంగ కూడా తీరుస్తాను. ఆ శాతం మీరు వేసిన ప్రతి ఎత్తునూ ఇంజన్ ఎంచుకునే ఎత్తుతో పోల్చి లెక్కగట్టేది. క్వీన్‌లు త్వరగా మారిపోయి, బంట్లు ఇరుక్కుపోయి, ఎవరూ ఎవరినీ కదిలించని ఆటలో ఇద్దరికీ 90 దాటడం మామూలే. రెండు వైపులా రాజుల మీద దాడి నడుస్తున్న ఆటలో 70 వస్తే అది మంచి ఆటే కావచ్చు. కాబట్టి ఒక ఆటలో వచ్చిన 74ను వేరే ఆటలో వచ్చిన 91తో పోల్చకండి. పోలిస్తే అదే ఆటలో ప్రత్యర్థికి ఎంత వచ్చిందో చూడండి, అంతవరకే. అలాగే ఇంజన్ లెక్కలో మీకు +7 ఆధిక్యం ఉన్న చోట ఒక నెమ్మది ఎత్తు వేస్తే +4 అవుతుంది. ఆటగాడికి రెండూ ఒకటే, రెండూ గెలిచే స్థితులే. మీ 26వ ఎత్తు దగ్గర జరిగింది అదే. రూక్ గెలుచుకునే అవకాశం వదిలి క్వీన్‌లు మార్చేసుకున్నారు. రాపిడ్‌లో నేనైతే ఆ నిర్ణయాన్ని తప్పు పట్టను. ఆ తర్వాత 31వ ఎత్తులో నైట్‌ను ఊరికే పోగొట్టుకోవడం మాత్రం అసలైన తప్పు, అక్కడే గెలుపు చేజారి ఎండ్‌గేమ్ దాకా వచ్చింది.

ఆ 31వ ఎత్తు దగ్గర మీ క్లాక్ చూడండి. ఈ ఆట మొత్తంలో మీరు నేర్చుకోవాల్సింది అక్కడ ఉంది. ఆ ఎత్తును 2 సెకన్లలో వేశారు. అప్పటికి మీ దగ్గర 3 నిమిషాలు ఉన్నాయి. దానికి ముందు 18వ ఎత్తుకు 2 నిమిషాల 10 సెకన్లు ఆలోచించారు, అక్కడేమో వేయడానికి రెండే దారులు, రెండూ సమానమే. అంటే ఆలోచించక్కర్లేని చోట ఆలోచించి, ఆగాల్సిన చోట పరుగెత్తారు. ఔత్సాహికుల రాపిడ్ ఆటల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే లోపం ఇదే, ఓపెనింగ్ తెలియకపోవడం కాదు.

సమయం లెక్క ఒకసారి చూడండి. 10 నిమిషాలు, 5 సెకన్ల ఇంక్రిమెంట్ అంటే 40 ఎత్తుల ఆటకు ఇంక్రిమెంటే 200 సెకన్లు. మొత్తం 13 నిమిషాల 20 సెకన్లు. ఎత్తుకు సగటున 20 సెకన్లు. తెలిసిన ఓపెనింగ్‌లో మొదటి 10 ఎత్తులు ఇంక్రిమెంట్‌లోనే వేసేయగలిగితే 11వ ఎత్తుకు కూడా క్లాక్‌లో దాదాపు 10 నిమిషాలూ ఉంటాయి. వాటిని రెండు మూడు చోట్ల ఖర్చు పెట్టాలి. ఎక్కడ? పావులు మార్చుకునే ముందు, బంట్ల అమరిక మారే ముందు, ప్రత్యర్థి ఊహించని ఎత్తు వేసినప్పుడు. మిగతా చోట్ల ఒకే ప్రశ్న చాలు: "ఈ ఎత్తు తర్వాత ఆయన వేయగల చెక్‌లు ఏమిటి, కొట్టగలిగినవి ఏమిటి?" మీ 31వ ఎత్తుకు ముందు ఈ ప్రశ్న వేసుకుని ఉంటే ఆ నైట్ పోయేది కాదు. ఇది అలవాటు కావాలంటే ఇంక్రిమెంట్ ఉన్న ఆటలే ఆడండి. ఇంక్రిమెంట్ లేని 10 నిమిషాల ఆటలు మీలాంటి వాళ్లకు నేను సిఫారసు చేయను. చివర్లో అవి చెస్‌గా ఉండవు, ఎవరి వేలు వేగంగా కదులుతుందన్నదే మిగులుతుంది.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి, రేటింగ్ టోర్నీకి వెళ్లాలనుకుంటున్నారు కాబట్టి. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) లెక్కలో ఆటగాడి సమయానికి 60 ఎత్తుల ఇంక్రిమెంట్ కలిపి చూస్తారు. అది 10 నిమిషాలకు మించి, 60 నిమిషాల లోపు ఉంటే రాపిడ్. 10 నిమిషాలు, అంతకు తక్కువ అయితే బ్లిట్జ్. మీరు ఆడిన 10+5 ఆ లెక్కన 15 నిమిషాలు, నిఖార్సైన రాపిడ్. కానీ చెస్ డాట్ కామ్‌లో రాపిడ్ పేరుతో ఎక్కువమంది ఆడే ఇంక్రిమెంట్ లేని 10 నిమిషాల ఆట ఫిడే దృష్టిలో బ్లిట్జే.

"ఆన్‌లైన్ గెలుపు ఓ గెలుపా" అన్న మీ స్నేహితుల మాటకు వద్దాం. 2020లో కోవిడ్ వల్ల ఒలింపియాడ్ జరిగే పరిస్థితి లేకపోతే ఫిడే స్వయంగా ఆన్‌లైన్ ఒలింపియాడ్ పెట్టింది. 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్ల రాపిడ్. సెమీఫైనల్లో పోలండ్‌తో స్కోరు సమమైతే, విజేతను తేల్చే ఒకే ఒక్క ఆర్మగెడాన్ ఆటలో గెలిచి భారత్‌ను ఫైనల్‌కు చేర్చింది మన కోనేరు హంపి. ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా మనవాళ్ల ఇంటర్నెట్ కనెక్షన్ తెగిపోయింది, చివరికి ఫిడే రెండు జట్లకూ బంగారు పతకం ప్రకటించింది. దేశాల జట్లు ఆ పతకం కోసం పోరాడాయి. మీరు మీ స్థాయిలో అలాంటి ఆటే ఆడారు. ఒక్క తేడా ఏమిటంటే, మామూలు టోర్నీల్లో నెట్ పోతే ఎవరూ పంచిపెట్టరు, క్లాక్ నడిచి ఓడిపోతారు. కాబట్టి వైఫైతో పాటు ఫోన్ డేటా కూడా సిద్ధంగా పెట్టుకోండి.

రెండో రౌండ్‌లో ఓడిపోయి కూడా మొదటి స్థానం రావడం గురించి మీకు కొంచెం మొహమాటంగా ఉన్నట్టుంది. స్విస్‌లో ప్రతి రౌండ్‌లోనూ సమానమైన పాయింట్లు ఉన్నవాళ్లతో జత కుదురుస్తారు. మొదట్లో ఓడినవాళ్లకు మధ్య రౌండ్లలో కాస్త తేలికైన ప్రత్యర్థులు తగులుతారన్నది నిజం. దాని ధర టైబ్రేక్‌లో కడతారు. బుక్‌హోల్జ్ అంటే మీతో ఆడినవాళ్లందరి పాయింట్ల మొత్తం. మొదట్లో ఓడినవాళ్లకు అది సాధారణంగా తక్కువ వస్తుంది. మీకు అయినా మొదటి స్థానం వచ్చిందంటే, మీరు ఓడించినవాళ్లు మిగతా రౌండ్లలో బాగా గెలిచారని అర్థం. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన మహిళల ప్రపంచ రాపిడ్ ఛాంపియన్‌షిప్‌లో హంపి మొదటి రౌండే ఓడిపోయింది. ఆ తర్వాత 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది, 2019 మాస్కో టైటిల్ తర్వాత అది రెండోది. చివరి రౌండ్‌లో నల్లపావులతో ఆడి గెలిచి మరీ తెచ్చుకుంది. ఓడిన వెంటనే కూర్చుని తర్వాతి ఆట ఆడగలగడం రాపిడ్‌లో పెద్ద బలం. మీరు ఆ రోజు రెండో రౌండ్ తర్వాత లాగవుట్ అయిపోలేదు, ఐదు ఆటలు వరసగా గెలిచారు. నాకు మీ టోర్నీలో ఎండ్‌గేమ్ తర్వాత బాగా నచ్చింది అదే.

రెండో రౌండ్ ఓటమి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇటాలియన్ ఓపెనింగ్‌లో నల్లపావులతో, తెల్లనైట్ జి5కి వచ్చాక మీరు డి5 తోశారు, సరైనదే. ఆయన ఇ బంటుతో డి5లో కొట్టాక మీరు నైట్‌తో తిరిగి కొట్టారు. అక్కడ ఆయన నైట్‌ను ఎఫ్7లో బలి ఇచ్చి మీ రాజును బయటికి లాగాడు. దీన్ని ఫ్రైడ్ లివర్ అంటారు, తెలియనివాళ్లకు దీన్ని బోర్డు ముందు కూర్చుని కాచుకోవడం చాలా కష్టం. తిరిగి కొట్టకుండా సి6లోని నైట్‌ను ఎ5కి జరిపి సి4లోని బిషప్ మీద దాడి చేయండి. ఆయన బిషప్ బి5 చెక్ ఇస్తాడు, మీరు సి6 తోస్తారు. ఒక బంటు పోతుంది, బదులుగా మీ పావులు త్వరగా బయటికొస్తాయి. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది.

ఇక ఏం చదవాలి అని అడిగారు. కొత్త ఓపెనింగ్‌లు వద్దు. మీ ఏడు ఆటలనూ ఇంజన్ ఆపేసి మళ్లీ ఒకసారి ఆడి చూసుకోండి. ఎక్కడ ఎందుకు ఆ ఎత్తు వేశారో, అప్పుడు భయపడింది దేనికో తెలుగులోనే రెండు ముక్కలు రాసుకోండి. ఆ తర్వాతే ఇంజన్ తెరవండి. ముందే తెరిస్తే మీ ఆలోచన ఏమిటో మీకే గుర్తుండదు, ఇంజన్ ఆలోచన మీది అనిపిస్తుంది. ఎండ్‌గేమ్‌లో రాజు, బంటు ఆటలు అన్ని ఫైళ్లలోనూ, అంచు బంట్లతో సహా, కళ్లు మూసుకుని ఆడగలిగేలా చేసుకోండి. తర్వాత రూక్ ఎండ్‌గేమ్‌లలో పేరున్న రెండే రెండు స్థితులు: గెలిచేవాళ్లకు లుసేనా, కాపాడుకునేవాళ్లకు ఫిలిడార్. మీ మూడో రౌండ్ ఆట లుసేనా స్థితికి ఒక్క అడుగు దూరంలో వెళ్లింది, ప్రత్యర్థి టైమ్ అయిపోయి బయటపడ్డారు. ఆ ఆటలో మీ రాజు జి8లో, బంటు జి7లో ఉండి, నల్లరాజు డి7లో ఉంటే, రూక్‌ను నాలుగో వరసకు తెచ్చి ఉంచాలి. ఆ తర్వాత రాజు బయటికి నడిచి వస్తాడు. వెనక నుంచి వచ్చే చెక్‌లను ఆ రూకే చివరికి జి4లో అడ్డుకుంటుంది. దీన్ని వంతెన కట్టడం అంటారు. ఇంక్రిమెంట్ సెకన్లతో కూడా వేయగలిగేదాకా సాధన చేయండి.

రేటింగ్ టోర్నీకి తప్పకుండా వెళ్లండి. ఆన్‌లైన్ రేటింగ్‌ను, ఫిడే రేటింగ్‌ను ఒకటిగా చూడకండి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్ కొత్తవాళ్లను 1500 దగ్గర మొదలుపెడుతుంది. ఫిడే రేటింగ్ 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ ఉండదు. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం 5 ఆటలు లెక్కలోకి రావాలి. కాబట్టి మొదటి టోర్నీకే రేటింగ్ రాకపోయినా నిరుత్సాహపడకండి. మనదేశంలో రేటింగ్ టోర్నీ ఆడాలంటే ముందు అఖిల భారత చెస్ సమాఖ్యలో ఆటగాడిగా నమోదు చేసుకోవాలి, ఆ పని ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

ఆన్‌లైన్ నుంచి బోర్డు మీదికి వచ్చేవాళ్లు ఆర్బిటర్ టేబుల్ దగ్గరికి ఏయే సమస్యలతో వస్తారో చెబుతాను, మీరు రాకుండా ఉండటానికి. పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. సర్దుకోవాలంటే ముందే చెప్పి, మీ ఎత్తు ఉన్నప్పుడే సర్దుకోవాలి. ఏ చేత్తో ఎత్తు వేశారో ఆ చేత్తోనే క్లాక్ నొక్కాలి. చెక్‌లో ఉన్న సంగతి స్క్రీన్ చెబుతుంది, బోర్డు చెప్పదు. చెక్ చూసుకోకుండా వేరే ఎత్తు వేసి క్లాక్ నొక్కితే అది ఇల్లీగల్ మూవ్. రాపిడ్‌లో మొదటిసారి ప్రత్యర్థికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు, రెండోసారి ఓటమే. ఫోన్ హాలు బయట, స్విచాఫ్ చేసి పెట్టండి. జేబులో మోగితే ఆట పోతుంది. బంటు ఎనిమిదో వరసకు వెళ్లినప్పుడు పక్కన క్వీన్ లేకపోతే చాలామంది రూక్‌ను తలకిందులుగా పెట్టి క్వీన్ అంటారు. నియమం ప్రకారం అది రూకే. తొందరపడకుండా క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ను పిలిచి క్వీన్ తెప్పించుకోండి. దానికి ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు.

వెళ్లే ముందు రెండు మూడు వారాలు ఇంట్లో నిజం బోర్డు మీద ఆడండి. స్క్రీన్ మీద మాత్రమే ఆడినవాళ్లకు బోర్డును పక్క నుంచి చూస్తే బిషప్‌ల దూరాలు వెంటనే తెలియవు, దూరం నుంచి వచ్చే బిషప్‌కు పావు ఊరికే ఇచ్చేస్తారు. ఆన్‌లైన్ ఆట ఆడుతున్నా సరే, పక్కన బోర్డు పెట్టుకుని ప్రతి ఎత్తూ దాని మీద కూడా వేస్తూ ఆడితే కన్ను అలవాటు పడుతుంది. 15+10 (15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు) పెట్టుకుంటే దానికి సమయం సరిపోతుంది. రేటింగ్ ఆటల్లో మాత్రం బోర్డు మీద పావులు జరిపి ముందు ఎత్తులు పరీక్షించుకోకండి, అది నియమాలకు విరుద్ధం. వేసిన ఎత్తులు మాత్రమే వేయండి.

మీ మూడో రౌండ్ ఆట, ఆ రూక్ ఎండ్‌గేమ్ ఉన్నది, క్లాక్ సమయాలతో సహా పూర్తిగా ఇక్కడ పెట్టండి. మీరు పెట్టిన చివరి 12 ఎత్తుల్లో నల్లరాజు ముందే డి ఫైల్ దాటిపోయే అవకాశం ఒకటి నాకు కనిపించింది, దాన్ని మొదటి నుంచీ చూసి చెబుతాను.